బదులు వచ్చిన మనిషి

2023 జూలై 11, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. అత్వెల్లిలోని మా ఇంట్లో చక్కెర వ్యాధి సర్వే మొదలైన సమయంగా ఫారంలో ఇదే నమోదై ఉంది. ఆ సమయానికి నేను ఇంట్లో లేను. ఎత్తు కొలిచే కర్రను భుజానికి ఆనించుకుని, రక్తపు సీసాలుంచే మంచు పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని, కీసర వెళ్లే బస్సులో కూర్చున్నాను. సర్వే చేసేవారు సొంత ఇంటికి వెళ్లకూడదన్నది నియమం. అందువల్ల మా ఇంటికి నా తోటి ఉద్యోగిని ఒకామె, రక్తం తీసే టెక్నీషియన్‌తో కలిసి, కుత్బుల్లాపూర్ నుంచి వచ్చింది. ఆ నియమాన్ని నేను అక్షరాలా పాటించాను. దాని వల్ల ఏమి జరిగిందో తెలియడానికి నాకు పదకొండు నెలలు పట్టింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అమ్మా నాయినా మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్ష తోటల్లో కూలికి పోయినవారు. తోటలు ప్లాట్లయిన తరువాత నాయిన ఒక గోదాములో కాపలా పనికి కుదిరాడు. అమ్మ కూరగాయల షెడ్డులో చేరింది. నగరంలోని దుకాణాల కోసం అక్కడ టమాటాలు, బెండకాయలు ఏరి, కడిగి, తూచి, సంచుల్లో కడతారు. నేను శామీర్‌పేట వైపున్న ఒక పరిశోధన సంస్థలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. పేరు పెద్దదే గాని పని సులభంగా చెప్పవచ్చు. పెద్ద చదువులవారు తయారు చేసిన ప్రశ్నలను గడప గడపకూ తీసుకువెళ్లాలి, జవాబులను తీసుకురావాలి. ఒక ప్రాజెక్టు ముగిసేలోగా మరొకటి దొరకాలి. దొరకకపోతే ఇంట్లో కూర్చోవాలి.

అలా ఆరేళ్లలో నాలుగు శాస్త్రాలకు పనిచేశాను. మొదటిది ఆర్థిక శాస్త్రం. భూమి అమ్ముకున్న కుటుంబాలు గత ముప్పై రోజుల్లో ఏమి తిన్నాయో, ఏమి కొన్నాయో అడగాలి. కొత్త కారు ముందు నిలబడి, ఇంట్లో కందిపప్పు ఎన్ని కిలోలు వాడారని అడిగినప్పుడు కొందరు నవ్వేవారు, కొందరు కుక్కను విప్పుతామనేవారు. రెండోది చెరువు నీటి పరీక్ష. శామీర్‌పేట చెరువు అంచున మోకాలి లోతులో నిలబడి, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపి, చీటీ అంటించాలి. మూడోది చరిత్ర. ద్రాక్ష తోటల్లో బతికిన ముసలివారి మాటలు ఫోనులో రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా రాసివ్వాలి. నాలుగోది ఈ చక్కెర వ్యాధి సర్వే. ఆర్థిక శాస్త్రంవారికి ఏమి తెలిసిందో ఆరోగ్యంవారు అడగలేదు. చరిత్రవారు రాసుకున్నది చెరువువారికి అక్కరలేదు. అన్నీ మోసిన సంచీ మాత్రం ఒక్కటే, దాని పట్టీ రెండుసార్లు తెగితే పక్కింట్లో ఉండే మా చిన్నమ్మ చేత కుట్టించుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదని చాలాకాలం లోలోపల బాధపడ్డాను. నేనుగా కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదన్నది తరువాత తట్టింది.

చక్కెర సర్వేలో కంప్యూటరు ముందు ఇంటిని ఎంచుతుంది, తరువాత ఆ ఇంట్లో ఒక మనిషిని ఎంచుతుంది. ఆ మనిషి పరగడుపున ఉండగా రక్తం తీయాలి, ఎత్తు, బరువు చూడాలి, ప్రశ్నలు అడగాలి. సంవత్సరం తరువాత అదే మనిషికి మళ్లీ అదంతా చేయాలి. ఆ మనిషి దొరకకపోతే మూడుసార్లు తిరగాలి. అప్పటికీ దొరకకపోతే ఆ వరుస ఖాళీగా మిగిలిపోతుంది. శుక్రవారం సమావేశంలో ఖాళీ వరుసలను గోడ మీద పెద్దగా చూపించి, ఇవి ఎవరివని అడిగేవారు. మావే అని చెయ్యి ఎత్తాలి. తెల్లవారుజామున లేచి, మూడు బస్సులు మారి, ఆ మనిషి కంపెనీ బస్సెక్కి వెళ్లిపోయిందని తెలుసుకుని తిరిగి వచ్చిన రోజుల్లో నాకు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అయినా అమ్మ ముందు మాత్రం మాట్లాడేదాన్ని. మనిషి దొరకలేదు, గడి ఖాళీ, శుక్రవారం తిడతారు. చాలా సాయంత్రాలు ఇవే మాటలు. అమ్మ అన్నం పెడుతూ వినేది.

ఒకరోజు కంప్యూటరు ఎంచిన జాబితాలో మా ఇల్లు వచ్చింది. మనిషిగా అమ్మ వచ్చింది. నాకు లోపల సంతోషంగా అనిపించింది, ఎందుకంటే అప్పటికే నాకు అనుమానం ఉంది. అమ్మ చెంబెడు నీళ్లు తాగి, పది నిమిషాలకే మళ్లీ బిందె దగ్గరికి వెళ్లేది. కూర్చున్నచోటే కునికేది. పరీక్ష చేయించుకోమని అంటే షెడ్డుకు సెలవు లేదనేది. ఇప్పుడు పరీక్షే ఇంటికి వస్తోంది. అయితే సర్వేకు ముందు ఇంటివారికి ఏమీ నూరిపోయకూడదన్నది మరొక నియమం. అందుకని ముందురోజు అమ్మతో చాలా పొదుపుగా మాట్లాడాను. పొద్దున్నే వస్తారని, ఏమీ తినవద్దని చెప్పాను.

“నువ్వుండవా బిడ్డా?” అని అడిగింది.

“ఉండొద్దమ్మా. రూలది.”

“మరి ఏం జెప్పాలె?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

అంతే. ఆమె ఇంకేదో అడగబోయి ఊరుకుంది. నేను సంచీ సర్దుకున్నాను.

పదిహేను రోజులకు చీటీ వచ్చింది. చక్కెర మామూలుగా ఉంది. రక్తం కూడా తక్కువ లేదు. నేను ఆ చీటీని రెండుసార్లు చదివాను. అమ్మ నా ముఖం చూసి, “మనింటికి మంచిగొచ్చిందట గదా,” అంది. మనింటికి అన్న మాటను ఆ రోజు నేను పట్టించుకోలేదు. అలసిపోయిన మనిషికి మంచి వార్త వస్తే దాన్ని తిరగేసి చూడాలని అనిపించదు. నీళ్లు తాగడం ఎండల వల్ల అనుకున్నాను, ఎండలు పోయిన తరువాత కూడా. కునుకు వయసు వల్ల అనుకున్నాను. మరుసటి ఏడు ఏప్రిల్‌లో షెడ్డులో టమాటాల క్రేటు పడి అమ్మ ఎడమ కాలి చిటికెన వేలు చిట్లింది. రోజంతా తడి సిమెంటు నేల మీద ప్లాస్టిక్ చెప్పులతో నిలబడే పని, పుండు మానలేదు. నాయిన పెద్దాసుపత్రికి తీసుకుపోదామన్నాడు. నేను పరిశోధన సంస్థలో పనిచేసే మనిషిని, చీటీ చూసిన మనిషిని. చక్కెర లేదు, పైపూత మందు చాలు, మెల్లగా మానుతుందని చెప్పాను. మా ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. ఆ అలవాటు నా డిగ్రీతోనే వచ్చింది.

ఆ జూన్‌లోనే రెండో విడత నడిచింది. ఈసారి మా ఇంటికి వేరే జట్టు వెళ్లింది. ఆ రోజు షెడ్డులో తూకం యంత్రం చెడిపోయి పని లేకపోవడం వల్ల అమ్మ ఇంట్లోనే ఉంది. ఆ విడత అయిన వారానికి, సర్వేను నడిపే మేడం నన్ను పిలిచి ఒక జాబితా చేతిలో పెట్టింది. రెండు విడతల మధ్య ఎత్తు మారిన మనుషుల జాబితా అది. పెద్దవారి ఎత్తు ఏడాదిలో మారదు. కనుక ఎవరో ఒకరు కర్రను సరిగా నిలబెట్టలేదని మేడం అభిప్రాయం.

“కొందరు పొడుగయ్యారు, కొందరు పొట్టివారయ్యారు. మీరు కొంచెం చూసి సరిచేయండి,” అంది. ఆమె కూడా అలసిపోయి ఉంది. నివేదిక గడువు దగ్గరపడింది.

జాబితాలో పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. ఇంటి అంకెలను నా దగ్గరున్న పుస్తకంతో సరిచూస్తూ పోయాను. ఆరోదో ఏడోదో వరుస దగ్గర పుస్తకం చూడనవసరం లేకపోయింది. అది మా ఇల్లు. ప్రారంభ సమయం ఆరు గంటల నలభై నిమిషాలు. మొదటి విడతలో ఎత్తు నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు. రెండో విడతలో నూట నలభై తొమ్మిది. అమ్మ నా భుజం దాకా వస్తుంది. నూట యాభై ఎనిమిది అమ్మ ఎత్తు ఎన్నడూ కాదు. అది పక్కింట్లో ఉండే చిన్నమ్మ ఎత్తు. చిన్నమ్మ అంటే మా చిన్నాయిన భార్య, అమ్మకు యారాలు. నడివయసులో కూడా ఒక్క మాత్ర వేసుకోని మనిషి.

కర్సరును అదే వరుసలో పక్కకు జరిపాను. రెండో విడత చక్కెర అంకె కనిపించింది. ఆ అంకె ఇక్కడ రాయను. చీటీలో ఆ స్థాయి చూసినప్పుడు ఇతరుల ఇళ్లలో నేను కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు తగ్గించి, ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండని చెప్పేదాన్ని.

ఫలితాన్ని చీటీ ద్వారానే, డాక్టరు సంతకంతోనే తెలియజేయాలి. కంప్యూటరులో చూసి ఎవరికీ చెప్పకూడదు. నేను సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి బయలుదేరాను. శామీర్‌పేట నుంచి మేడ్చల్, అక్కడి నుంచి అత్వెల్లి. బస్సులో ఏమి ఆలోచించానో గుర్తు లేదు. కూర్చోవడానికి చోటు దొరికినా నిలబడే ఉన్నానని మాత్రం గుర్తుంది.

సాయంత్రం నాలుగయింది. అమ్మ షెడ్డు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని కాలికి కట్టిన గుడ్డ విప్పుతోంది. చిన్నమ్మ తన గడపలో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఎవరినీ నొప్పించకుండా ప్రశ్న అడగడం మాకు శిక్షణలో నేర్పిస్తారు. ఆ స్వరంతోనే, పోయినేడు పొద్దున వచ్చినవారికి రక్తం ఎవరిచ్చారని అడిగాను.

“నేనే ఇచ్చిన,” అంది చిన్నమ్మ తల ఎత్తకుండానే. “మీ అమ్మ డ్యూటీకి వోయింది. గా పిల్ల పొద్దుగాల్నే వచ్చి కూసున్నది. మీ అమ్మ పేరు విలిస్తే ఉన్న అన్న.”

నేను అమ్మ వైపు చూశాను.

“గట్ల సూస్తవేంది?” అంది అమ్మ. “ఆ దినం షెడ్డుల లోడు ఎక్కువుండె. పోకపోతే ఊకోరు. మనిషి దొర్కకపోతే గడి ఖాళీ వడ్తది, నన్ను తిడ్తరు అని దినాం నువ్వే అంటుంటివి గదా. గందుకే బదులు వెట్టిపోయిన. నిండింది గదా గడి.”

“రక్తానికి బదులుండదమ్మా.”

“ఎందుకుండదు? ఇంటికొక్కలన్నరు. ఇల్లొక్కటే గదా.”

“నా రక్తానికి ఏం తక్కువ?” అంది చిన్నమ్మ, దారం పళ్లతో తెంపుతూ. “ఫస్టు క్లాసుల పాసయిన. నీకన్న గట్ల రాలే.”

నాకు డిగ్రీలో వచ్చింది సెకండు క్లాసే. మరొక రోజైతే నేనూ నవ్వేదాన్ని. అమ్మ కాలి దగ్గర కింద కూర్చున్నాను. వేలు నల్లబడి ఉంది. నీ చక్కెర మస్తు ఎక్కువుందని, నిన్నటిదాకా నేను చూసింది చిన్నమ్మ చక్కెర అని, రేపే ఆసుపత్రికి పోతున్నామని చెప్పాను. చిన్నమ్మ చేతిలో సూది ఆగిపోయింది. అమ్మ మాత్రం వేరే విషయానికి పరేషాన్ అయింది.

“కాయితం రాకముందుకే నువ్వు జెప్పొచ్చునా?” అని అడిగింది. “నీ నౌకరికేమన్న అయితదేమో సూస్కో బిడ్డా.”

నేను ఆ గుడ్డ అందుకుని ఆమె కాలికి మళ్లీ కట్టాను.

బదులు అన్న మాట నాకు కొత్తది కాదు. దాన్ని నా చేత్తోనే రాశాను. చరిత్ర ప్రాజెక్టులో, ద్రాక్ష తోటల్లో మేస్త్రీగా పనిచేసిన ఒక పెద్దమనిషిని రెండు పూటలు రికార్డు చేశాను. పొద్దున హాజరు ఎలా తీసుకునేవారని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది. “మొకం ఎవడు సూస్తడు? పేరు విలుస్తం, ఉన్న అంటె ఉన్నట్టే. అత్తకు జొరమొస్తె బదులు కోడలొస్తది, అక్కకు కానుపైతె చెల్లె వస్తది. పేరు మాత్రం మార్చం. తలకాయలు సరివోవాలె, గంతే.” అందులో ఎవరికీ మోసం కనబడేది కాదు. బదులు రాకపోతేనే ఆ ఇంటిని తప్పుపట్టేవారు. ద్రాక్ష తీగల కత్తిరింపుల కాలంలో అమ్మ చిన్నమ్మ పేరు మీద, చిన్నమ్మ అమ్మ పేరు మీద ఎన్ని రోజులు పనిచేశారో వాళ్లకే తెలియదు. నేను ఆ మాటలను చక్కగా టైపు చేసి పంపాను. ఆ తరువాత ఒక ఆచార్యుడు వాటి మీద వ్యాసం రాశాడు. కుటుంబాన్ని ఒకే కూలి మనిషిగా లెక్కించిన పద్ధతి గురించి అందులో చాలా చక్కగా వివరించాడు. నా వాక్యం అచ్చులో చూసుకుని గర్వపడ్డాను. ఆ గర్వపడిన నెలలోనే చక్కెర ఫారాలు పట్టుకుని అవే ఇళ్లకు తిరిగాను, పేరు పిలిచాను, ఉన్న అన్నవారి చేతికి రక్తం తీయడానికి పట్టీ కట్టాను. అవతలి మనిషి ఎవరని ఒక్కరినైనా అడగలేదు. పెద్దవారిని నువ్వు నువ్వేనా అని అడగడం మర్యాద కాదని నాకు తెలుసు. ఆ మర్యాద మా ఇంట్లో నేర్చుకున్నది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు పుండు చూసి, ఆఖరిసారి చక్కెర పరీక్ష ఎప్పుడు చేయించారని అడిగాడు. పదకొండు నెలల క్రితం, మామూలుగా వచ్చిందని నాయిన చెప్పాడు. అతనికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. డాక్టరు అది రాసుకుంటుంటే నేను ఆపాను. ఆ పరీక్ష ఈమెది కాదని, ఈమెకు ఇంతవరకు ఎన్నడూ వైద్యం కోసం పరీక్ష జరగలేదని చెప్పాను. ఆయన రాసింది కొట్టివేశాడు. ఇంత చదువుకుని ఇలా ఎందుకు చేశారని అడిగితే బాగుండేది. ఆయన అడగలేదు. వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. వేలు తీయక తప్పదని, పాదం దాకా పోకుండా చూద్దామని అన్నాడు.

అమ్మ వార్డులో ఉండగానే వెళ్లి మేడంకు అంతా చెప్పాను. ఫలితం ముందుగా చెప్పిన సంగతి కూడా దాచలేదు. ఆమె ఆ జాబితాను మళ్లీ ముందుకు లాక్కుంది.

“అయితే ఇవి కర్ర తప్పులు కావన్నమాట. అందరూ బదులేనా?”

“అందరూ కాకపోవచ్చు మేడం.”

“అడిగితే చెబుతారా?”

“నేనడిగితే చెబుతారేమో.”

నేను వెళ్లాను. అత్వెల్లిలో మొదలుపెట్టి, జాబితాలోని ఇళ్లన్నీ తిరిగాను. నేను చేరకముందే మా ఇంటి కథ చిన్నమ్మ ద్వారా ఊరంతా చేరింది. ఒకావిడ వాకిట్లో బియ్యం చెరుగుతూ, “మీ ఇంట్లనే బదులు వెట్టి మమ్ముల అడగనీకె వచ్చినవా?” అంది. అవును, మా ఇంట్లోనే పెట్టాం, అందుకే వచ్చానన్నాను. ఆమె చేట పక్కన పెట్టింది. పోయినేడు కూర్చున్నది జాబితాలో ఉన్న తన అత్త కాదని, ఆమె కంపెనీకి పోతే బదులు తన ఆడబిడ్డ కూర్చుందని చెప్పింది. మరో ఇంట్లో కర్రే తప్పు, మనిషి ఒక్కతే. ఇంకో ఇంట్లో ఎవరు కూర్చున్నారో వాళ్లకే గుర్తు లేదు. బదులు పెట్టిన ప్రతి ఇంట్లోనూ, చీటీ వచ్చిందని నిశ్చింతగా ఉన్న మనిషి ఒకరు కనిపించారు. ఈ చీటీ మీది కాదు, మీరు పరీక్ష చేయించుకోవాలని వారికి ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు వెళ్లారు. కొందరు నా ముఖం చూసి తలాడించారు, అంతే.

తరువాత మారినవి చెబుతాను. అమ్మ ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు, పాదం నిలిచింది. ఆమె షెడ్డు మానేసింది, రెండు పూటలా మాత్రలు వేసుకుంటోంది, చెప్పులు లేకుండా వాకిట్లోకి కూడా రాదు. బదులు కూర్చున్నవారి వరుసలన్నీ సర్వే నుంచి తీసేశారు. వ్యాసం అచ్చయినప్పుడు, పట్టిక కింద చిన్న అక్షరాలతో, గుర్తింపు సరిపోని కొందరిని మినహాయించామని ఒక్క వాక్యం ఉంది. ఫలితాన్ని ముందుగా చెప్పినందుకు నన్ను చక్కెర ప్రాజెక్టు నుంచి తప్పించారు, ఇప్పుడు మళ్లీ చెరువు నీటి పనిలో ఉన్నాను. కొత్త ఫారంలో మొదటి ప్రశ్నకు ముందు మేడం ఒక గడి చేర్చింది. మీ ఇంట్లో ఒకరి పనికి ఒకరు బదులు వెళతారా, ఈ రోజు ఎవరి బదులైనా మీరు కూర్చున్నారా అని అడగాలి. ఆ ప్రశ్నను ఎలా అడిగితే నొచ్చుకోరో కొత్తగా చేరినవారికి నేను నేర్పిస్తాను. ప్రతి నెల మొదటి ఆదివారం పొద్దున అమ్మ చక్కెర నేనే చూస్తాను.